పద్నాలుగు మందితో అండమాన్: ఇంటిల్లిపాదినీ దీవికి తీసుకెళ్లడం ఎలా

మా ఇంట్లో అండమాన్ ప్రయాణం మామయ్య గారి మోకాళ్ల దగ్గర మొదలైంది. "నేను మెట్లెక్కలేను, మీరంతా వెళ్లి రండి, ఇల్లు నేను చూసుకుంటా" అన్నారాయన. ఆయన రాకపోతే తనూ రానన్నారు అత్తయ్య గారు. వాళ్లిద్దరూ రాకపోతే మా ఆడపడుచు కదలదు, ఎందుకంటే ఏడాదిన్నర పాపని ఎత్తుకునే చేతులు తగ్గిపోతాయి. ఒక్క మోకాలు నొప్పికి మొత్తం ప్రయాణం ఆగిపోయేలా ఉంది.

ఆగలేదు. మా అమ్మానాన్న, అత్తయ్య గారు మామయ్య గారు, మేం నలుగురం, అన్నయ్యా వదినా వాళ్లబ్బాయి, ఆడపడుచూ వాళ్లాయనా పాపా, మొత్తం పద్నాలుగు మందిమీ వెళ్లొచ్చాం. కుదిరినవీ బెడిసికొట్టినవీ కలిపి, మీరు మీ ఇంటివాళ్లతో బయల్దేరేటప్పుడు పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. మీ గుంపులో అందరికంటే నిదానంగా నడిచేది ఎవరు, అందరికంటే ముందు నిద్రకి ఏడ్చేది ఎవరు, ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసుకోండి. ఇక ప్రతి నిర్ణయం దగ్గరా ఆ కాగితం తీసి చూడటమే.

తేదీలు కుదుర్చుకోవడం

అండమాన్‌కి మంచి కాలం నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా. మే నెలలోనే అక్కడ నైరుతి రుతుపవనాలు మొదలవుతాయి, మన దగ్గరకంటే ముందు. కాబట్టి వేసవి సెలవుల్లో వెళ్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, లేదా ఏప్రిల్‌లో పరీక్షలు అవగానే బయల్దేరండి. దసరా సెలవులు కూడా నమ్మదగ్గవి కావు. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం.

వాతావరణం ప్రకారం సంక్రాంతి సెలవులు బంగారం లాంటివి. కానీ సంక్రాంతికి సొంతూరు మానేసి సముద్రానికి వెళ్దామని మా నాన్నతో అనే ధైర్యం నాకు లేదు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా గదుల ధరలు మండిపోతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో పెడితే చివరి నిమిషంలో ఎవరో ఒకరికి దగ్గరి బంధువుల శుభలేఖ వస్తుంది. అందుకే నేను పంచాంగం ముందేసుకుని ముహూర్తాలు లేని రోజులు వెతుకుతాను. మూఢం వస్తే పెళ్లిళ్లుండవు, అందరూ ఖాళీ. ప్రయాణానికి మూఢం అడ్డమని మీ పెద్దవాళ్లు అనకపోతే ఇంతకంటే మంచి చిట్కా లేదు. మేం చివరికి జనవరి ఆఖరి వారం వెళ్లాం, పిల్లలకి నాలుగు రోజులు బడి ఎగ్గొట్టించి.

అదే పంచాంగంలో పౌర్ణమి, అమావాస్య ఎప్పుడో కూడా గుర్తు పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

డబ్బు మాట ముందే

ఇది చాలా ఇళ్లలో ఎవరూ ఎత్తని విషయం. ఎత్తకపోవడం వల్లే తిరిగొచ్చాక ఆరు నెలలు ముభావంగా ఉంటారు. ఒకరు ఐటీలో ఉంటారు, ఒకరు టీచరు, ఒకరు ఇంకా ఇంటి లోను కడుతుంటారు. ఐటీ వాళ్లకి నచ్చిన రిసార్టు టీచరు గారికి నెల జీతం. కాదని చెప్పడానికి మొహమాటం, ఒప్పుకుంటే భారం.

మేం చేసింది ఇదీ. రిసార్టు పేర్లు అసలు బయటికి రాకముందే, ఒక్కో ఇంటివాళ్లతో విడిగా ఫోన్లో మాట్లాడి "మొత్తం ప్రయాణానికి మీరు ఎంతవరకు హాయిగా పెట్టగలరు" అని అడిగాను. అందరిలో తక్కువ చెప్పిన అంకెనే బడ్జెట్‌గా తీసుకున్నాం, అది ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. ఎక్కువ పెట్టగలిగినవాళ్లు కావాలంటే తమ గదిని మెరుగైనదిగా మార్చుకోవచ్చు, అంతే. వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న అడగొద్దు. గ్రూపులో ఎవరూ నిజం చెప్పరు.

తర్వాత ఖర్చుని మూడుగా విడదీయండి. విమానం టికెట్లు ఎవరివి వాళ్లవి. గదులు ఎవరివి వాళ్లవి. పెద్దవాళ్ల నలుగురి టికెట్లూ గదులూ పిల్లలంతా సమానంగా పంచుకున్నాం, ఏ కొడుకు తల్లిదండ్రులు ఏ కూతురి తల్లిదండ్రులు అనే తేడా లేకుండా. మీ ఇంట్లో ఇది వేరేలా ఉండొచ్చు, ఎలా ఉన్నా ముందే మాట్లాడుకోండి. మూడోది ఉమ్మడి ఖర్చు: వ్యాన్లు, ఓడ టికెట్లు, బయట భోజనాలు, కొబ్బరి బోండాలు, టిప్పులు. దీనికి ఇంటికి ఇరవై వేల చొప్పున ముందే ఒక ఖాతాలో వేశాం. ఆ ఖాతా మా వదిన చేతిలో. బిల్లు దగ్గర "నేనిస్తా, నేనిస్తా" అనే కుస్తీ పూర్తిగా పోయింది. మామయ్య గారు మాత్రం రెండుసార్లు రహస్యంగా కట్టేశారు. దాన్ని ఎవరూ ఆపలేరు.

ఇంట్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుంటే ఎల్టీసీలో (సెలవు ప్రయాణ రాయితీలో) అండమాన్‌కి ప్రత్యేక వెసులుబాటు ఉంటుంది. ప్రస్తుతం అమల్లో ఉన్న ఉత్తర్వు ఏం చెప్తోందో, టికెట్ ఎలా కొనాలో ఆఫీసులో కనుక్కున్నాకే టికెట్ తీయండి. ముందు కొనేసి తర్వాత అడిగితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

ఎన్ని చోట్ల పడుకోవాలి

ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే ఐదారు రోజుల ప్యాకేజీలో మామూలుగా రాజధాని పోర్ట్ బ్లెయిర్, హ్యావ్‌లాక్ దీవి, నీల్ దీవి, మళ్లీ పోర్ట్ బ్లెయిర్ ఉంటాయి. (పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయ పురం అన్నారు. హ్యావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. వాడుకలో పాత పేర్లే ఇంకా ఎక్కువ వినిపిస్తాయి, బుకింగ్‌లో రెండూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు.) కొత్తగా పెళ్లైన జంటకి అది బాగానే ఉంటుంది. పద్నాలుగు మందికి ఒక్కసారి గది మారడమంటే ఇరవై పెట్టెలు సర్దడం, రెండు వ్యాన్లు, జెట్టీ మీద నడక, ఓడ, మళ్లీ వ్యాన్లు, మళ్లీ చెక్-ఇన్ కోసం లాబీలో ఎదురుచూపు. అంటే ఒక పూట పోయినట్టే.

నా సలహా: పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హ్యావ్‌లాక్‌లో ఒకే రిసార్టులో నాలుగు రాత్రులు, తిరిగి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి. నీల్ వదిలేయండి. నీల్‌లో పేరున్న సహజ శిలా తోరణం దగ్గరికి పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, జారుడు రాళ్ల మీద నడిచి వెళ్లాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది శిక్ష. భరత్‌పూర్ తీరం చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ హ్యావ్‌లాక్‌లో నాలుగు రోజులున్నవాళ్లకి అందం తక్కువ పడదు.

బారాటాంగ్ దీవి కూడా మా జాబితాలోంచి కొట్టేశాం. తెల్లవారుజామున లేచి కాన్వాయ్‌లో జారవా గిరిజనుల రిజర్వు ప్రాంతం గుండా పోవాలి, గంటల తరబడి వ్యానులో కూర్చోవాలి. పసిపాపతో అది కుదరదు. పైగా దారిలో మనుషుల్ని చూడాలనే కుతూహలంతో వెళ్లేవాళ్లూ ఉంటారు. జారవాల ఫొటోలు తీయడం, తినడానికి ఏమైనా ఇవ్వడం నేరం. నాకు ఆ దారిలో వెళ్లడమే నచ్చలేదు.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి తీరాలి. హ్యావ్‌లాక్ నుంచి పొద్దున ఓడెక్కి మధ్యాహ్నం విమానం అందుకోవచ్చని ఎవరు చెప్పినా వినొద్దు. గాలి గట్టిగా వీస్తే ఓడలు ఆగిపోతాయి. పద్నాలుగు విమానం టికెట్లు ఒకేసారి పోతే ఎంతో లెక్కేసుకోండి.

విమానం టికెట్లు

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానానికి దాదాపు రెండున్నర గంటలు. విజయవాడ, రాజమండ్రి వాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో మారాలి. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, కానీ రెండు రోజులకి పైగా ప్రయాణం, నెలలో ఎప్పుడో ఒకసారి. మా నాన్నకి ఆ ఓడ మీద చాలా మోజు. ఆయన్ని ఒక్కరినీ ఇంకోసారి పంపిస్తామని మాటిచ్చి ఊరుకోబెట్టాం.

చాలా ఎయిర్‌లైన్స్ సైట్లలో ఒక బుకింగ్‌లో తొమ్మిది మందికి మించి పట్టరు. మించకపోయినా విడగొట్టడమే మంచిది. ఒకేసారి ఎక్కువ సీట్లు అడిగితే, చవక సీట్లు నాలుగే ఉన్నా మొత్తం అందరికీ పై ధరే చూపిస్తుంది. అయితే విడగొట్టేటప్పుడు ప్రతి పెద్దాయనా పెద్దావిడా ఒక వయసులో ఉన్నవాళ్లతో కలిసి ఒకే పీఎన్ఆర్‌లో ఉండేలా చూడండి. విమానం రద్దై వేరే దాంట్లోకి మారిస్తే పీఎన్ఆర్ ప్రకారమే మారుస్తారు. అమ్మానాన్న ఇద్దరే ఒక పీఎన్ఆర్‌లో ఉంటే వాళ్లిద్దరే వేరే విమానంలో పడొచ్చు.

వీల్‌చైర్ అవసరమైతే బుకింగ్‌లోనే నమోదు చేయండి. మామయ్య గారు మొదట "నేనేమన్నా రోగినా" అన్నారు. విమానాశ్రయంలో ఎంత దూరం నడవాలో చూశాక ఏమీ అనలేదు. రెండేళ్లు నిండని పాపకి ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్ చాలు. కానీ వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి. వయసు రుజువు కాగితం దగ్గరుంచుకోండి.

రిసార్టుని ఎలా ఎంచుకోవాలి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఇంటర్నెట్‌లో ఫొటోలన్నీ డ్రోన్‌తో పైనుంచి తీసినవే, అందులో మెట్లు కనిపించవు.

ముందు ఏ వైపు తీరమో తేల్చుకోండి. హ్యావ్‌లాక్‌లో తీరాలకి నంబర్లుంటాయి. మూడో నంబరు గోవింద్‌నగర్, ఐదో నంబరు విజయనగర్ తూర్పు వైపు. రిసార్టులు ఎక్కువగా ఇక్కడే, బజారూ జెట్టీ దగ్గర. సూర్యోదయం గది ముందే. కానీ పాటు వచ్చిందంటే నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లూ పగడపు దిబ్బలూ బయటపడతాయి, అప్పుడు ఈత కుదరదు. ఏడో నంబరు రాధానగర్ పడమటి వైపు. వెడల్పాటి మెత్తని ఇసుక, మోకాలి లోతులో పిల్లలు గంతులేయొచ్చు, సూర్యాస్తమయం ఇక్కడే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి తీరమని రాసింది దీని గురించే. ఇక్కడ రిసార్టులు తక్కువ, ధరలు ఎక్కువ, బజారు దూరం.

మేం తూర్పు వైపు ఉండి సాయంత్రాలు వ్యానులో రాధానగర్ వెళ్లాం. మీ బడ్జెట్ ఆనుతుంటే, ఊళ్లో తిరగాలనే ఆశ లేకపోతే, పడమటి వైపే ఉండండి. తూర్పు వైపు తీసుకుంటే మాత్రం మొదటి రోజు మధ్యాహ్నం పిల్లలు "సముద్రం ఏదీ?" అని అడుగుతారు. మా అన్నయ్య కొడుకు అడిగాడు. నిజంగానే అర కిలోమీటరు దూరంలో కనిపించింది.

పంచాంగం పని ఇప్పుడు. పౌర్ణమి, అమావాస్యలప్పుడూ ఆ వెంటనే ఒకటి రెండు రోజులూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ప్రతిరోజూ ముప్పావు గంటకి పైగా ఆలస్యంగా జరుగుతూ ఉంటాయి. మీరుండే రోజుల్లో పోటు ఎన్ని గంటలకో రిసార్టు వాళ్లని అడిగితే చెప్తారు. ఈత వేళ దాన్నిబట్టి పెట్టుకోండి. అమావాస్య దగ్గర పడితే ఇంకో లాభం: చీకటి రాత్రుల్లో నీళ్లలో చెయ్యి కదిలిస్తే నీలంగా మెరిసే సూక్ష్మజీవులు అక్కడక్కడా కనిపిస్తాయి. అది చూపించడానికి రాత్రి పూట పడవల్లో తీసుకెళ్లేవాళ్లుంటారు.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడండి, మెయిల్ సరిపోదు. నేను అడిగినవి ఇవీ:

నేల మీద గదులు ఎన్ని ఉన్నాయి, గది గుమ్మం దగ్గర మెట్లు ఎన్ని? భోజనాల హాలుకి ఎంత నడవాలి, రాత్రి దారిలో దీపాలుంటాయా? బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల జారుతుందా? అన్ని గదులూ ఒకేచోట పక్కపక్కన ఇస్తారా? పసిపాపకి అన్నం మెత్తగా వండి పెడతారా, పెరుగు రోజూ ఉంటుందా? శాకాహారం వండే గిన్నెలూ గరిటెలూ వేరుగా ఉంటాయా? కరెంటు పోతే జనరేటరు గదులకి కూడా వస్తుందా? ఓడ రద్దై ఒక రోజు ఆలస్యంగా వస్తే డబ్బు పోతుందా?

ఇవన్నీ ఓపికగా చెప్పిన రిసార్టునే తీసుకున్నాం. ఇంకోటి ఇంతకంటే చవక, కానీ మెట్ల గురించి అడిగితే "కొన్ని ఉంటాయి మేడమ్" అన్నారు. ఆ కొన్ని ఎన్నో రెండోసారి అడిగినా చెప్పలేదు.

ఒక్క తప్పు చేశాను. అన్ని గదులూ ఒకే రకం తీసుకున్నాను, ఎవరికీ తక్కువ చేసినట్టు ఉండకూడదని. దాంతో అందరూ కలిసి కూర్చునే చోటు లేకపోయింది. పేకాటకి మంచం మీద ఎనిమిది మంది ఇరుక్కున్నారు. ఒక్క గదైనా పెద్ద వరండా ఉన్నది తీసుకోండి, దాన్ని పెద్దవాళ్లకివ్వండి. మిగతావాళ్లంతా అక్కడికే చేరతారు.

ఓడ ప్రయాణం

పోర్ట్ బ్లెయిర్ నుంచి హ్యావ్‌లాక్‌కి ప్రైవేటు ఓడల్లో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఓడల్లో ఇంకొంచెం ఎక్కువ. ప్రభుత్వ ఓడ చవక, కానీ స్థానికులకి అది బస్సు లాంటిది, సీట్లు త్వరగా అయిపోతాయి. పద్నాలుగు కలిసి దొరకడం కష్టం. మక్రూజ్, నాటికా లాంటి ప్రైవేటు ఓడల్లో ఏసీ, నంబరున్న సీట్లు ఉంటాయి. విమానం టికెట్లు అవగానే ఇవి తీసేయండి. పొద్దున మొదటి ఓడే మంచిది. ఆధార్‌లో ఉన్నట్టే పేర్లు రాయండి. మా అమ్మ పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో, టికెట్‌లో ఇంటిపేరు లేకుండా ఉండి, గేటు దగ్గర పది నిమిషాలు గుండె దడ.

ప్రైవేటు ఓడలూ ప్రభుత్వ ఓడలూ ఒకే జెట్టీ నుంచి బయల్దేరవు. టికెట్ మీద హ్యాడో అని ఉందో ఫీనిక్స్ బే అని ఉందో చూసి డ్రైవరుకి చెప్పండి.

కడుపులో తిప్పే వాళ్లుంటే ముందు రోజే డాక్టరు చెప్పిన మాత్ర సిద్ధం చేసుకోండి. ఓడెక్కాక వేసుకుంటే పని చేయదు, అరగంట గంట ముందే వేసుకోవాలి. పొద్దున్నే పూరీ కూరా తినొద్దు. ఖాళీ కడుపుతోనూ ఎక్కొద్దు. ఇడ్లీ రెండు చాలు. మధ్యలో, వెనక వైపు సీట్లు తక్కువ ఊగుతాయి.

సర్దుకోవడం

దీని గురించి ఎక్కువ చెప్పను, మీ ఇంట్లో ఇప్పటికే జాబితాలు రాసేవాళ్లుంటారు. మందులు మాత్రం ఉండాల్సిన రోజులకి రెట్టింపు, సగం ఒకరి చేతి సంచిలో సగం ఇంకొకరి దాంట్లో. హ్యావ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్ద ఆసుపత్రి అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్, మధ్యలో సముద్రం. గుండె, షుగరు ఉన్నవాళ్ల మందుల పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి అందరి ఫోన్లలో ఫొటోగా పెట్టండి. ఇసుక దోమల కోసం ఒళ్లంతా రాసుకునే క్రీమో కొబ్బరినూనో ఉండాలి. కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు దద్దుర్లు. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ చాలా మెరుగైంది గానీ, హ్యావ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ. ఉన్నవాటిలో డబ్బు ఉంటుందన్న నమ్మకం ఇంకా తక్కువ.

ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో, టేపు వేసి. పొడులూ అంతే. పవర్ బ్యాంకులు మాత్రం చేతి సంచిలోనే. ఎండు కొబ్బరి చిప్పలు చెక్-ఇన్‌లో పెట్టనివ్వరు, నూనె ఉంటుంది కాబట్టి మండే వస్తువు కింద లెక్క. అత్తయ్య గారి లౌజు కోసం తెచ్చిన చిప్పలు హైదరాబాద్‌లోనే ఆగిపోయాయి. కొబ్బరి దీవికి కొబ్బరి మోసుకెళ్తున్నామని మా ఆయన ముందే నవ్వారు.

రోజుకి ఒక్క పని

పోర్ట్ బ్లెయిర్ దిగిన రోజు సెల్యులార్ జైలు చాలు. 1906లో పూర్తైన ఈ జైల్లో దాదాపు ఏడు వందల గదులు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం పోరాటకారుల్లో కొందరు ఈ గోడల మధ్యకే వచ్చారు. పిల్లలకి ఆ సంగతి చెప్పి తీసుకెళ్తే ఊరికే నడవరు, ఆగి చూస్తారు. పెద్దవాళ్లు పై అంతస్తులు ఎక్కక్కర్లేదు, కింద చెట్టు నీడలో కూర్చుని సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో చూస్తే చాలు. దాని టికెట్లు ముందే తీయండి, హిందీ రోజో ఇంగ్లీషు రోజో చూసుకుని.

ఆ ఊళ్లో భాష గురించి పెద్దవాళ్లకి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మా వ్యాను డ్రైవరు తాతగారిది శ్రీకాకుళం జిల్లా. "ఎక్కడ బాబూ మీది?" అని మామయ్య గారు మొదలుపెట్టారు. దిగేటప్పటికి ఇద్దరూ ఏదో దూరపు చుట్టరికం కూడా తేల్చేశారు.

గడియారం విషయంలో జాగ్రత్త. దీవులు మనకి చాలా తూర్పున ఉన్నా టైము మాత్రం మనదే. డిసెంబరు మొదట్లో ఐదు కాకముందే సూర్యుడు దిగిపోతాడు. జనవరి చివరికి ఐదుంబావు దాటుతుంది. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూడాలంటే మూడున్నరకే బయల్దేరాలి. తీరికగా టీ తాగి ఐదింటికి వెళ్దామంటే చీకట్లో ఇసుక చూసి రావాలి. మా మొదటి సాయంత్రం అలాగే పోయింది. పెద్దవాళ్లు ఎలాగూ నాలుగున్నరకి లేస్తారు కాబట్టి అండమాన్ గడియారం వాళ్లకి అచ్చొస్తుంది. పొద్దున ఆరింటికి తాతయ్యలిద్దరూ మనవలతో తీరం వెంట నడిచేవారు. మిగతావాళ్లం ఆ వేళకి లేవనే లేదు.

హ్యావ్‌లాక్ నాలుగు రోజులకీ మా లెక్క ఇలా ఉంది. ఒక రోజు ఎలిఫెంట్ బీచ్. జెట్టీ నుంచి పడవలో వెళ్లి స్నార్కెలింగ్ చేయొచ్చు, ఈత రాకపోయినా గైడు రింగు పట్టుకుని లాక్కెళ్తాడు. పడవ ఎక్కడం దిగడం నీళ్లలోంచి కాబట్టి పెద్దవాళ్లలో మా నాన్న ఒక్కరే వచ్చారు. ఒక రోజు రాధానగర్ మధ్యాహ్నం నుంచే. ఒక రోజు కాలాపత్తర్ తీరం, పొద్దున గంటన్నర. ఒక రోజు ఏమీ లేదు. ఆ ఏమీ లేని రోజు ప్లాన్‌లో రాసుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు దాన్ని నింపేస్తారు.

అందరూ అన్నిటికీ రావాలనే నియమం పెట్టుకోవద్దు. పగలు ఎవరిష్టం వాళ్లది, రాత్రి భోజనం మాత్రం అందరూ ఒకే బల్ల దగ్గర. మాకు ఇదొక్కటే నియమం.

ఇక పిల్లల్ని చూసుకునే సంగతి. రెండో రోజు ఆడపడుచూ వాళ్లాయనా స్కూబా డైవింగ్‌కి వెళ్తూ పాపని అత్తయ్య గారి దగ్గర వదిలారు. అడగలేదు, చూసుకుంటారులే అనుకున్నారు. అత్తయ్య గారేమీ అనలేదు, కానీ ఆ రోజు రాత్రి భోజనానికి రాలేదు, తలనొప్పి అన్నారు. మర్నాడు వదిన కాగితం మీద పూటలు రాసి అందరి పేర్లూ వేసింది, అత్తయ్య గారికి రెండు పూటలే. ఆవిడ మిగతా పూటలు కూడా పాపతోనే గడిపారు, అది వేరే సంగతి. నానమ్మా అమ్మమ్మా కూడా సెలవు మీదే వచ్చారని ముందు రోజే ఎవరైనా నోరు తెరిచి అనాలి. మీ ఇంట్లో ఆ కాగితం హైదరాబాద్‌లోనే రాసుకోండి.

నీళ్ల దగ్గర

స్కూబాకి ముందు ఆరోగ్యం గురించి ఫారం నింపిస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, బీపీ ఉంటే దాచిపెట్టి దిగొద్దు. డైవింగ్ చేసిన ఇరవై నాలుగు గంటల్లోపు విమానం ఎక్కకూడదు, అందుకే అది మొదటి రోజుల్లో పెట్టుకోండి. లైఫ్‌గార్డులున్న తీరంలో, వాళ్లు చూపించిన హద్దులోపలే ఈత. అండమాన్ నీళ్లలో ఉప్పునీటి మొసళ్లున్నాయి. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టినవి కావు. వాగులు సముద్రంలో కలిసే చోటికీ, మడ అడవుల పక్కకీ పిల్లల్ని పోనివ్వొద్దు. గుంపు పెద్దదైతే ఇంకో ప్రమాదం ఉంది: పదిమంది పెద్దవాళ్లున్నారు కదా అని ప్రతివారూ వేరేవాళ్లు చూస్తున్నారనుకుంటారు. మేం అరగంటకొకరు చొప్పున ఎర్ర టోపీ పెట్టుకునేవాళ్లం. టోపీ ఎవరి నెత్తిన ఉంటే పిల్లల లెక్క వాళ్లది, వాళ్లు ఆ అరగంటా ఫోన్ ముట్టుకోకూడదు.

గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకుని తెచ్చుకోవద్దు, చచ్చిన పగడమైనా సరే. చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో స్కానింగ్‌లో దొరికితే పెట్టె విప్పిస్తారు. అత్తయ్య గారు బొమ్మల కొలువులో సముద్రం కోసమని కొంగు నిండా ఏరారు. సంగతి చెప్తే మళ్లీ వెళ్లి ఒక్కొక్కటే నీళ్ల అంచున పెట్టి వచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ సాగరికా ఎంపోరియంలో కొని బిల్లు దగ్గరుంచుకుంటే ఇబ్బంది లేదు.

చివరి రాత్రి

పోర్ట్ బ్లెయిర్ హోటల్‌లో భోజనాలయ్యాక రెండు పనులు మిగులుతాయి. ఫొటోలు అక్కడే ఒకరి ఫోన్లోకి చేర్చండి, ఇళ్లకి వెళ్లాక ఎవరూ పంపరు. ఉమ్మడి ఖర్చు లెక్క కూడా అక్కడే తేల్చండి, బిల్లులన్నీ బల్ల మీద పోసి, అందరి ముందూ. మామయ్య గారు రహస్యంగా కట్టినవి కూడా బయటికి తీయించి ఆయనకి తిరిగిచ్చాం, చాలాసేపు వద్దన్నాక తీసుకున్నారు. ఖాతాలో 640 రూపాయలు మిగిలాయి. నాలుగిళ్లకి పంచుతానని వదిన కాలిక్యులేటర్ తీసింది. ఈలోగా మా నాన్న అందరికీ ఐస్‌క్రీమ్ చెప్పేశారు. బిల్లు 910 వచ్చింది.